మొదటి అక్షరానికే వచ్చిపడే అడ్రసులు



మన దేశంలో బ్యాంకులు 2025లో తమ వెబ్ అడ్రసులు మార్చుకున్నాయి. ప్రతి బ్యాంకు అడ్రసూ చివర 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' అని ఉండాలని, ఆ ఏడాది అక్టోబరు 31లోగా అందరూ మారాలని రిజర్వు బ్యాంకు గడువు పెట్టింది. ఆ అడ్రసుల్ని నమోదు చేసే పని హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీకి అప్పగించింది. మాసబ్‌ట్యాంకులో ఉన్న ఆ సంస్థను 1996లో నెలకొల్పింది కూడా రిజర్వు బ్యాంకే. బ్యాంకులకు తప్ప ఇంకెవరికీ ఆ తోక ఇవ్వరు కాబట్టి, బ్యాంకు పేరుతో దొంగ సైట్లు పెట్టేవాళ్లను జనం తేలిగ్గా గుర్తుపట్టవచ్చన్నది ఉద్దేశం.

మంచి ఏర్పాటు. అయితే బ్యాంకు అడ్రసు మారినంత మాత్రాన జనం కంప్యూటర్లకున్న అలవాటు మారదు. కొత్త అడ్రసు పేపర్లో చూసి, ఒకటికి రెండుసార్లు చదువుకుని, టైపు చేద్దామని కూర్చున్న మనిషి రెండక్షరాలు కొట్టేసరికి మిగతాది బ్రౌజరే పూరించేస్తుంది. పూరించేది పాత అడ్రసుతో. చూసుకోకుండా ఎంటర్ కొడితే మళ్లీ పాత చోటికే వెళ్తాం. అక్కడి నుంచి కొత్త సైటుకు బ్యాంకే మళ్లిస్తుంది కాబట్టి నష్టం ఉండకపోవచ్చు. కానీ ఆ వచ్చి కూర్చున్నది బ్యాంకు పాత అడ్రసు కాకుండా, ఎప్పుడో పొరపాటున తెరిచిన దొంగ సైటు అడ్రసైతే?

తిరుమల భక్తులకు ఈ అనుభవం ఇంకా ముందే ఎదురైంది. దేవస్థానం బుకింగ్ సైటు ఒకప్పుడు 'టీటీడీ సేవా ఆన్‌లైన్ డాట్ కామ్'. తర్వాత అది 'తిరుపతి బాలాజీ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్' అయింది. 2024 జనవరి నుంచి 'టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్'. మూడు పేర్లూ వాడినవాళ్ల కంప్యూటర్లో మూడూ మిగిలే ఉంటాయి. 300 రూపాయల దర్శనం టికెట్లు విడుదలయ్యే ఉదయం, ఒక్కో నిమిషం విలువైన వేళ, మొదటి అక్షరానికి ఏది పైకి వస్తే దాన్నే నొక్కేస్తారు. దేవస్థానం పేరుతో నకిలీ సైట్లు నడిపినవాళ్ల మీద టీటీడీ పలుమార్లు పోలీసులకు ఫిర్యాదు చేసింది. అలాంటి సైటును ఒక్కసారి తెరిచినా చాలు, అదీ ఆ జాబితాలో చేరిపోతుంది.

అడ్రస్ బార్‌లో అడగకుండా వచ్చే ఈ సూచనల మీద ఇళ్లలో, ఆఫీసుల్లో విసుక్కోని వాళ్లుండరు. విసుక్కుని ఊరుకుంటారు. వాటిని తీసేయవచ్చని చాలామందికి తెలియదు. తెలిసి తీసేసినవాళ్లకు అవి మళ్లీ ఎందుకొస్తున్నాయో తెలియదు. కారణం ఒక్కటే: కిందికి జారే ఆ వరుసలన్నీ ఒకేచోటి నుంచి రావు. కొన్ని మన పాత రాకపోకల నుంచి వస్తాయి. కొన్ని మనం దాచుకున్న బుక్‌మార్కుల నుంచి. కొన్ని ఎక్కడో ఉన్న సెర్చ్ కంపెనీ నుంచి. కొన్ని డబ్బు కట్టిన వ్యాపారుల నుంచి. ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తేనే దాన్ని ఎక్కడ ఆపాలో తెలుస్తుంది.

మొదట్లో ఇంత గందరగోళం లేదు. నెట్‌స్కేప్, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ అనే పాత బ్రౌజర్ల రోజుల్లోనూ అడ్రసులు పూరించడం ఉండేది. కానీ కొట్టిన అక్షరాలతో మొదలయ్యే పాత అడ్రసుల్నే బ్రౌజర్ చూపించేది, అంతకు మించి వెతికేది కాదు. 2008 జూన్ 17న మొజిల్లా సంస్థ ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ మూడో వెర్షన్‌ను విడుదల చేసింది. ఒక్కరోజులో 80 లక్షలకు పైగా డౌన్‌లోడ్లతో అది గిన్నిస్ రికార్డులకెక్కింది. అడ్రస్ బార్ తీరు మారిపోయింది ఆ వెర్షన్‌తోనే. కొట్టిన అక్షరాల్ని అది అడ్రసు మొదట్లోనే కాదు, మధ్యలోనూ వెతికింది. పేజీ శీర్షికలో వెతికింది. బుక్‌మార్కుల్లో వెతికింది. తయారుచేసినవాళ్లు మురిసిపోయి దానికి 'ఆసమ్ బార్' అని పేరు పెట్టుకున్నారు.

వాడేవాళ్లలో కొందరు మాత్రం ససేమిరా అన్నారు. పాత రూపం తెచ్చిపెట్టే 'ఓల్డ్‌బార్' అనే చిన్న ప్రోగ్రాం ఒకటి అప్పుడే వచ్చింది కూడా. కొత్తదంటే గిట్టక వచ్చిన అభ్యంతరం కాదది. పాత పద్ధతిలో ఒక సైటుకు వెళ్లిన సంగతి ఆ సైటు అడ్రసు కొట్టడం మొదలుపెడితేనే బయటపడేది. కొత్త పద్ధతిలో సంబంధం లేని ఏ మాట కొట్టినా, ఆ మాట ఎప్పుడో చూసిన పేజీ శీర్షికలో ఉంటే, ఆ పేజీ పక్కనున్నవాళ్ల కళ్లముందుకు వస్తుంది. జ్ఞాపకశక్తి పెరిగిన కొద్దీ గుట్టు తగ్గింది. ఆ ఇబ్బంది ఈనాటికీ పూర్తిగా తీరలేదు.

అదే ఏడాది సెప్టెంబరు 2న గూగుల్ తన క్రోమ్ బ్రౌజర్‌ను తెచ్చింది. అందులో అడ్రసుకు ఒక పెట్టె, సెర్చ్‌కు ఒక పెట్టె అని లేవు. రెండూ కలిపి ఒకటే. తర్వాత మిగతా బ్రౌజర్లూ ఆ బాటే పట్టాయి. ఫైర్‌ఫాక్స్ కూడా 2017 నవంబరు నుంచి కొత్తగా చేరేవాళ్లకు సెర్చ్ పెట్టెను విడిగా చూపించడం మానేసింది. వాడేవాళ్లకు సుఖంగానే ఉంది. పోయింది ఏమిటంటే, 'ఇది నా సొంత జాబితా, అది బయటివాళ్లు ఇచ్చే జాబితా' అన్న తేడా.

ముందు సొంత జాబితా సంగతి చూద్దాం. తప్పుడు అడ్రసు ఒకటి అందులో ఎందుకంత మొండిగా తిష్ఠ వేస్తుంది? ఫైర్‌ఫాక్స్ కోడ్ ఎవరైనా చదువుకోవచ్చు కాబట్టి దాని లెక్క అందరికీ తెలిసినదే. చాలా ఏళ్లపాటు ఆ లెక్క ఇలా నడిచింది. ఒక పేజీకి గత 4 రోజుల్లో వెళ్లి ఉంటే ఆ సందర్శనకు 100 మార్కులు. రెండు వారాల లోపుదైతే 70, నెల లోపుదైతే 50, 90 రోజుల లోపుదైతే 30, అంతకన్నా పాతదైతే 10. ఇది కాలానికి ఇచ్చే విలువ. వెళ్లిన తీరుకు ఇంకో విలువ ఉంది. ఎక్కడో కనబడిన లింకు నొక్కి వెళ్తే ఒక వంతు. అదే అడ్రస్ బార్ నుంచి స్వయంగా వెళ్తే ఇరవై వంతులు.

ఇరవై వంతులు! కిటుకంతా ఇక్కడే ఉంది. స్పెల్లింగ్ తప్పుగా కొట్టి ఎంటర్ నొక్కినా, ఆ మనిషి కావాలనే వెళ్లాడని బ్రౌజర్ నమ్ముతుంది. మర్నాడు మొదటి అక్షరానికే ఆ తప్పును అందిస్తుంది. చూసుకోకుండా మళ్లీ ఎంటర్ కొడితే నమ్మకం ఇంకా బలపడుతుంది. పాత ఖాతాదారుడు మెట్లెక్కగానే అడక్కుండా ఎప్పటి సరుకే కట్టడం మొదలుపెట్టే కిరాణా కొట్టాయన లాంటిది బ్రౌజర్. ఒక్కసారి పొరపాటున చెప్పిన సరుకునూ ఇష్టపడే కొన్నారనుకుంటాడు.

క్రోమ్ లెక్క వేరైనా పోకడ ఇదే. ఏ అక్షరాలు కొట్టినప్పుడు ఏ వరుసను ఎంచుకున్నారో అది విడిగా ఒక ఫైల్లో రాసి పెట్టుకుంటుంది. 90 రోజుల హిస్టరీని కంప్యూటర్లో ఉంచుకుంటుంది. అంటే వదిలేస్తే తప్పు తనంతట తానే మాసిపోవడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది. అదీ ఆ మధ్యలో మళ్లీ దాన్ని నొక్కకపోతే.

తీసేయడం మాత్రం నిమిషం పని. కంప్యూటర్లో క్రోమ్ వాడేవాళ్లు ఆ అడ్రసు మొదటి అక్షరాలు కొట్టి, వరుసలు రాగానే ఎంటర్ నొక్కకుండా ఆగాలి. కింది బాణం కీతో అక్కర్లేని వరుస మీదికి దిగాలి. షిఫ్ట్ కీ పట్టుకుని డిలీట్ నొక్కాలి. వరుస మాయమవుతుంది. మౌసుతో అలవాటున్నవాళ్లు ఆ వరుస కుడి చివర కనబడే ఇంటూ గుర్తు నొక్కినా చాలు. ఆపిల్ మ్యాక్‌లో అయితే షిఫ్ట్, ఎఫ్ఎన్ కీలు రెండూ పట్టుకుని డిలీట్ నొక్కాలి. ఆండ్రాయిడ్ ఫోన్లో ఆ వరుసను వేలితో కాసేపు నొక్కి పట్టుకుంటే తీసేయమంటారా అని అడుగుతుంది. ఫైర్‌ఫాక్స్‌లోనూ బాణం, డిలీట్ పద్ధతి పనిచేస్తుంది. కొత్త వెర్షన్లలో వరుస పక్కన చిన్న మెనూ ఉంటుంది, హిస్టరీ నుంచి తీసేసే ఏర్పాటు అందులోనే ఉంది.

ఒక సైటు తాలూకు పేజీలు పదీ ఇరవై పోగుపడి ఉంటే ఒక్కొక్కటే తీస్తూ కూర్చోనక్కర్లేదు. ఫైర్‌ఫాక్స్ హిస్టరీ తెరిచి, ఆ సైటు మీద మౌసు కుడి బటన్ నొక్కితే 'ఈ సైటును మరచిపో' అనే అర్థం వచ్చే ఏర్పాటు ఉంటుంది. దాన్ని వాడేముందు ఒక్క క్షణం ఆలోచించాలి. హిస్టరీతో పాటు ఆ సైటు పెట్టిన కుకీలు కూడా పోతాయి కాబట్టి, లాగిన్ అయి ఉంటే మళ్లీ మొదటి నుంచి లాగిన్ కావాలి. దొంగ సైటైతే అసలు సందేహించనక్కర్లేదు.

ఇంత చేసినా కొన్ని వరుసలు కదలవు. షిఫ్ట్, డిలీట్ ఎన్నిసార్లు నొక్కినా మళ్లీ అక్కడే ఉంటాయి. కంప్యూటర్ పాడైందనుకుంటారు. పాడు కాలేదు. ఆ అడ్రసు బుక్‌మార్కుల్లో ఉంది. ఎప్పుడో చెయ్యి తగిలి నక్షత్రం గుర్తు నొక్కి ఉంటారు. మనిషి కావాలని దాచుకున్నదాన్ని బ్రౌజర్ హిస్టరీతో పాటు పారేయదు, పారేయకూడదు కూడా. బుక్‌మార్కుల్లోకి వెళ్లి అక్కడ తీసేస్తే వరుసా పోతుంది.

ఇంకొన్ని ఇవాళ పోయి రేపు వస్తాయి. వీటి వెనక సాధారణంగా ఇంకో పరికరం ఉంటుంది. ఫోన్లోనూ ఆఫీసు కంప్యూటర్లోనూ ఒకే అకౌంటుతో బ్రౌజర్‌లో సైన్ ఇన్ అయి సింక్ పెట్టుకుంటే, రాత్రి ఇంట్లో మంచం మీద పడుకుని ఫోన్లో చూసినవి పొద్దున ఆఫీసులో నలుగురి ముందు వరుస కడతాయి. ఇది చాలామంది గమనించని సంగతి. ఆఫీసు కంప్యూటర్ సొంతం కాదు. దాని బ్రౌజర్‌లో సొంత అకౌంటుతో చేరకపోవడమే ఉత్తమం. చేరక తప్పకపోతే సింక్ సెట్టింగ్స్‌లో హిస్టరీని ఆపుకోవాలి.

ఇక బయటి నుంచి వచ్చే సూచనలు. వీటి కథ 2004 డిసెంబరులో మొదలైంది. కెవిన్ గిబ్స్ అనే గూగుల్ ఇంజనీరు, ఉద్యోగులు సొంత ఆలోచనల మీద పనిచేసుకోవడానికి ఆ కంపెనీ ఇచ్చే సమయంలో, 'గూగుల్ సజెస్ట్' తయారుచేశాడు. కొట్టే ప్రతి అక్షరానికీ, దాన్నిబట్టి ఇతరులు ఏం వెతికారో చూపించడం దాని పని. 2008లో అది గూగుల్ మొదటి పేజీ మీదికి వచ్చింది. అదే ఏడాది వచ్చిన క్రోమ్ దాన్ని అడ్రస్ బార్‌లోకి తెచ్చింది.

ఇది పనిచేయాలంటే కొట్టిన అక్షరాలు, ఎంటర్ నొక్కకముందే, సెర్చ్ కంపెనీకి చేరాలి. సగం కొట్టి మనసు మార్చుకుని చెరిపేసినవీ చేరతాయి. ఏ పెట్టెలో కర్సర్ ఉందో చూసుకోక అడ్రస్ బార్‌లో పాస్‌వర్డ్ కొట్టేస్తే అదీ చేరవచ్చు. క్రోమ్ వచ్చిన కొత్తలోనే దీనిమీద గొడవ అయింది. అలా అందిన వాటిలో సుమారు 2 శాతాన్ని, పంపిన కంప్యూటర్ ఐపీ అడ్రసుతో కలిపి భద్రపరుస్తామని గూగుల్ చెప్పింది. విమర్శలు రాగానే, వారం తిరక్కుండానే, ఆ వివరాల్లో మనిషిని గుర్తుపట్టే ఆనవాళ్లను 24 గంటల్లోపే చెరిపేస్తామని ప్రకటించింది. నలుగురూ గట్టిగా అడిగితే ఇలాంటి కంపెనీలు దిగివస్తాయని చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ.

పదిమంది వెతికిన మాటలు ఒక మనిషి పరువు తీసిన సందర్భాలూ ఉన్నాయి. జర్మనీలో ఒక కంపెనీ స్థాపకుడు గూగుల్‌లో తన పేరు కొడితే పక్కన 'మోసం' అన్న మాట సూచనగా వచ్చేది. ఆయన కోర్టుకు వెళ్లాడు. ఆ దేశపు అత్యున్నత సివిల్ న్యాయస్థానం 2013 మే 14న తీర్పు చెప్పింది. ప్రతి సూచననూ ముందే పరిశీలించే బాధ్యత గూగుల్‌కు లేదు. కానీ ఒక మనిషి హక్కులకు భంగం కలుగుతోందని తెలియజేశాక దాన్ని తీసేయకపోతే బాధ్యత వహించాల్సిందే అన్నది ఆ తీర్పు సారాంశం. యంత్రం లెక్కవేసి ఇచ్చింది, మాకేం సంబంధం అన్న వాదన అక్కడ నిలవలేదు. న్యాయమైన తీర్పు. ఇప్పుడు సెర్చ్ పేజీలో వచ్చే సూచన అభ్యంతరకరంగా ఉంటే ఫిర్యాదు చేయడానికి గూగుల్ వీలు కల్పించింది.

ఈ బయటి సూచనలు అక్కర్లేదనుకుంటే పూర్తిగా ఆపేయవచ్చు. క్రోమ్ సెట్టింగ్స్‌లో గూగుల్ సేవలు అనే భాగంలో సెర్చ్ సూచనలకు ఒక స్విచ్ ఉంది. ఎడ్జ్ బ్రౌజర్‌లో ప్రైవసీ సెట్టింగ్స్ కింద అడ్రస్ బార్, సెర్చ్ అనే భాగంలో ఉంది. ఐఫోన్ వాళ్లకు ఫోన్ సెట్టింగ్స్‌లోనే సఫారీ బ్రౌజర్ పేరు కింద ఉంటుంది. ఫైర్‌ఫాక్స్ ఒక అడుగు ముందుకేసి హిస్టరీ, బుక్‌మార్కులు, తెరిచి ఉన్న ట్యాబులు, సెర్చ్ సూచనలు, దేనికదే ఆపుకునే వీలిచ్చింది. ఈ విషయంలో దాన్ని మెచ్చుకోవాలి. క్రోమ్ కూడా ఇలాంటి విడివిడి స్విచ్చులు ఇచ్చి ఉంటే ఎంతో బాగుండేది.

అలాగని ఫైర్‌ఫాక్స్ చేసిందంతా మెచ్చదగినదేం కాదు. 2021 అక్టోబరులో అమెరికాలో అది 'ఫైర్‌ఫాక్స్ సజెస్ట్' మొదలుపెట్టింది. అడ్రస్ బార్ వరుసల్లో డబ్బు కట్టిన కంపెనీల లింకులు కూడా చేరాయి. వాటి పక్కన ప్రకటన అని గుర్తు ఉంటుంది, సెట్టింగ్స్‌లో ఆపుకోనూ వచ్చు. అయినా మనిషి తన అడ్రసు తాను కొట్టుకునే చోట ప్రకటన పెట్టడం ఎంతవరకు తగునని చాలామంది అడిగారు. అడగవలసిన ప్రశ్నే.

అంతకు ఏడాదికి పైగా ముందు, 2020 జూన్‌లో, బ్రేవ్ బ్రౌజర్ విషయంలో జరిగింది ఇంకా తీవ్రమైనది. గుట్టు కాపాడటమే తమ ధ్యేయమని చెప్పుకునే బ్రౌజర్ అది. దాని అధిపతి బ్రెండన్ ఐక్ సామాన్యుడు కాదు, 1995లో జావాస్క్రిప్ట్ సృష్టించినవాడు, మొజిల్లా స్థాపకుల్లో ఒకడు. ఆ బ్రౌజర్‌లో బైనాన్స్ అనే క్రిప్టో కరెన్సీ సైటు అడ్రసు కొడితే, మిగతాది పూరించేటప్పుడు చివర బ్రేవ్ కంపెనీకి కమీషన్ తెచ్చిపెట్టే ఒక కోడ్ అతుక్కునేది. వాడే ఒకతను దాన్ని గమనించి బయటపెట్టాడు. మరికొన్ని క్రిప్టో కంపెనీల అడ్రసులకూ ఇదే ఏర్పాటు ఉందని తేలింది. తప్పు జరిగిందని ఐక్ ఒప్పుకున్నాడు, ఆ ఏర్పాటును ఆపేశారు. కొట్టిన అడ్రసును కొట్టినట్టు తీసుకెళ్లడం బ్రౌజర్ కనీస ధర్మం. ఎంటర్ కొట్టేముందు ఆ గీత మొత్తాన్ని చివరిదాకా ఒక్కసారి చూడటం ఎందుకు అవసరమో ఈ ఉదంతం చెబుతుంది.

ఎంటర్ కొట్టకముందే జరిగిపోయేది మరొకటుంది. ఈ మనిషి ఫలానా సైటుకే వెళ్తున్నాడని గట్టిగా అనిపిస్తే క్రోమ్ ఆ పేజీని వెనకాల ముందుగానే తెప్పించి ఉంచుతుంది. 2012 నుంచి ఈ పద్ధతి ఉంది. సఫారీలోనూ ఇలాంటిదే ఒకటి ఉంది. పేజీ చటుక్కున తెరుచుకోవడం కోసం చేసిన ఏర్పాటు. అంటే వెళ్లకూడదనుకున్న సైటుకు కూడా మొదటి అక్షరాలతోనే కబురు వెళ్లవచ్చు. పేజీలను ముందే లోడ్ చేసే ఏర్పాటును సెట్టింగ్స్‌లో ఆపుకోవచ్చు. పేజీ తెరుచుకోవడం కొంచెం ఆలస్యమైనా పర్వాలేదనుకునేవాళ్లు ఆపుకోవడమే మంచిది.

ఇప్పటిదాకా చెప్పుకున్నవి ఒక మనిషికీ ఒక యంత్రానికీ మధ్య ఇబ్బందులు. అసలు బాధ మనుషుల మధ్య ఉంది.

మన ఊళ్లలో చాలా ఇళ్లలో ఫోన్ ఒకరిది కాదు. పొద్దున తండ్రి చేతిలో, మధ్యాహ్నం తల్లి చేతిలో, సాయంత్రం పిల్లల చేతిలో ఉంటుంది. ఇంటర్ చదివే అమ్మాయి నెలసరి ఎందుకు తప్పుతోందో తెలుసుకోవాలనుకుంటుంది. తాగుడు మానాలనుకునే మనిషి మందుల గురించి చదువుతాడు. పెళ్లయి పిల్లలు లేని దంపతులు డాక్టర్ల గురించి వెతుకుతారు. ఇవన్నీ సిగ్గుపడాల్సిన విషయాలు కానే కావు. కానీ ఎవరికి, ఎప్పుడు చెప్పాలో నిర్ణయించుకునే హక్కు వాళ్లది. ఇంకెవరో వచ్చి ఒక అక్షరం కొట్టగానే ఆ నిర్ణయం వాళ్ల చేతిలోంచి జారిపోతుంది.

అన్నిటికన్నా గడ్డు పరిస్థితి ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడవాళ్లది. సాయం కోసం వెతికిన సంగతి భర్త కంటపడితే మరింత ప్రమాదం. ఇలాంటి మహిళలకు అండగా పనిచేసేవాళ్లు ఒక జాగ్రత్త చెబుతారు. మొత్తం హిస్టరీ చెరిపేయడం ఒక్కోసారి మేలు కన్నా కీడు చేస్తుంది. నిన్నటిదాకా నిండుగా ఉన్న జాబితా ఒక్కసారిగా ఖాళీ అయితే నిఘా పెట్టినవాడికి అనుమానం వస్తుంది. ఆ ఒకటి రెండు వరుసలే తీసేసి మిగతావి అలాగే ఉంచడం మంచిది. వీలైతే ఆ ఫోన్లో వెతకకుండా నమ్మకస్తుల ఫోన్ వాడటం ఇంకా మంచిది. మహిళల హెల్ప్‌లైన్ నంబరు 181. మాట్లాడాక కాల్ జాబితాలోంచి ఆ నంబరునూ తీసేయాలి.

ఇంకాగ్నిటో, ప్రైవేట్ విండో అనేవి ఇలాంటి అవసరాలకు పనికొస్తాయి. 2005లో ఆపిల్ సఫారీలో మొదట వచ్చిన ఈ ఏర్పాటు ఇప్పుడు అన్ని బ్రౌజర్లలోనూ ఉంది. ఆ విండోలో చూసినవి హిస్టరీలో చేరవు కాబట్టి తర్వాత అడ్రస్ బార్‌లో పైకి రావు. అంతవరకే దాని మాట నమ్మాలి. ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీకి, ఆఫీసు నెట్‌వర్క్ చూసేవాళ్లకు, వెళ్లిన సైటుకు అది కనబడకుండా పోదు. ఇంకాగ్నిటోలో ఉన్నా తమ వివరాలు సేకరించారని అమెరికాలో వినియోగదారులు గూగుల్ మీద 2020లో దావా వేశారు. 2024 ఏప్రిల్‌లో రాజీ షరతులు కోర్టు ముందుకు వచ్చాయి. వందల కోట్ల రికార్డులను నాశనం చేయడానికి, ఇంకాగ్నిటో గురించి వాడేవాళ్లకు చెప్పే మాటల్ని సరిచేయడానికి కంపెనీ ఒప్పుకుంది.

నెట్ సెంటర్ల సంగతీ చెప్పుకోవాలి. ఈఏపీసెట్ హాల్ టికెట్టనీ ఉద్యోగం దరఖాస్తనీ రోజూ ఎందరో అక్కడ ఒకే కంప్యూటర్ ముందు కూర్చుంటారు. క్రోమ్‌లో గెస్ట్ విండో అని ఒకటుంటుంది. అది మూసేయగానే అందులో చేసినదంతా పోతుంది, ఇంతకుముందు కూర్చున్నవాళ్ల సూచనలూ కనబడవు. సెంటర్ నడిపేవాళ్లు వచ్చినవాళ్లకు గెస్ట్ విండో తెరిచి ఇవ్వడం అలవాటు చేసుకుంటే వాళ్లకు పైసా ఖర్చు లేదు. దరఖాస్తు నింపడానికి వచ్చిన పిల్లలకు అదెంతో రక్ష.

ఇంకో మాట. బ్రౌజర్‌లో వరుస తీసేస్తే సెర్చ్ కంపెనీ దగ్గర ఉన్న జాబితా పోదు. గూగుల్ అకౌంటుతో సైన్ ఇన్ అయి వెతికినవి 'మై యాక్టివిటీ' అనే చోట విడిగా చేరతాయి. ఫోన్లో గూగుల్ పెట్టె తాకగానే వచ్చే పాత సెర్చ్‌లు చాలావరకు అక్కడివే. అక్కడికి వెళ్లి తీసేయాలి, లేదా ఇన్ని నెలల తర్వాత వాటంతట అవే పోయేలా పెట్టుకోవాలి.

ముఖ్యమైన అడ్రసుల విషయంలో పద్ధతి తారుమారు చేసుకోవాలి. బ్యాంకు, కరెంటు బిల్లు, దర్శనం టికెట్లు, పాస్‌పోర్టు లాంటి వాటి సరైన అడ్రసును పాస్‌బుక్కు మీదో, సంస్థ ఇచ్చిన కాగితం మీదో చూసి ఒక్కసారి అక్షరం అక్షరం కొట్టి, పేజీ సరైనదేనని చూసుకుని బుక్‌మార్క్ చేసుకోవాలి. ఇక ఎప్పుడూ అక్కడి నుంచే వెళ్లాలి. పాత అడ్రసునూ దాని తప్పు స్పెల్లింగులనూ అదే రోజు తీసేయాలి. సరైనదాన్ని రెండు మూడు సార్లు వాడేసరికి బ్రౌజర్ కూడా దాన్నే పైకి తెస్తుంది.

ఈ పని ఎక్కువ అవసరమైనది పెద్దవాళ్లకు. పెన్షన్ చూసుకోవడానికి, మందులు తెప్పించుకోవడానికి, దూరాన ఉన్న పిల్లలతో మాట్లాడటానికి వాళ్లు ఫోన్ మీదే ఆధారపడ్డారు. పైన ఏది వస్తే దాన్ని నొక్కుతారు. పిల్లలు హైదరాబాదులో ఉన్నా, డాలస్‌లో ఉన్నా, ఊరికి వచ్చినప్పుడు ఒక అరగంట వాళ్ల పక్కన కూర్చోవాలి. వాళ్లను అడిగి, వాళ్ల చేతే, వాళ్లు చూస్తుండగానే అక్కర్లేని వరుసలు తీయించాలి. బ్యాంకు అడ్రసు బుక్‌మార్క్ చేయించాలి. ఫోన్ లాక్కుని హిస్టరీ అంతా తిరగేయడం మాత్రం చేయకండి. వాళ్ల గుట్టూ వాళ్లకు ఉంటుంది.

ఇప్పటికే ఏదైనా దొంగ సైటులో డబ్బు పోయి ఉంటే, ఆ వరుసను వెంటనే తీసేయకండి. ఆ అడ్రసును కాగితం మీద రాసుకుని, స్క్రీన్‌షాట్ తీసుకుని, ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930 నంబరుకు ఫోన్ చేయండి. ఫిర్యాదులో ఆ అడ్రసు అవసరమవుతుంది. అది నమోదయ్యాకే డిలీట్ చేయండి.